ఉడుమును పెంచుకోవాలనుందా? వరంగల్ ఇళ్లకు ఏది సరిపోతుంది, ఏది సరిపోదు

ఉడుముల మీద మనసు పడ్డ కుర్రాళ్లు హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు ఈ మధ్య బాగా కనిపిస్తున్నారు. ఎక్కడో విదేశంలో ఒకాయన ఆరడుగుల వాటర్ మానిటర్ అనే ఉడుమును ఒళ్లో పడుకోబెట్టుకున్న వీడియో ఫోన్‌లో చూస్తారు. ఇంత పెద్ద జీవి ఇంత సాధువుగా ఉంటుందా అని ఆశ్చర్యపోతారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న: "అన్నా, మనమూ పెంచొచ్చా? ఏది తీసుకుంటే మంచిది?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. మన చేన్లలో తిరిగే ఉడుమును ఏ పరిస్థితిలోనూ ఇంటికి తేవద్దు. విదేశీ జాతుల్లో ఒక్క ఆకీ మానిటర్ గురించి మాత్రం ఆలోచించవచ్చు. అదీ కాగితాలన్నీ సరిగ్గా ఉండి, ఇంట్లో స్థలం, డబ్బు, ఓపిక మూడూ ఉన్నప్పుడే. మొదటిసారి సరీసృపాన్ని పెంచేవాళ్లకు ఆకీ కూడా వద్దు, బియర్డెడ్ డ్రాగన్ అనే చిన్న బల్లి చాలు. సవానా, బ్లాక్ థ్రోట్, నైల్, వాటర్ మానిటర్, ఇగువానా ఇవేవీ మన ఇళ్లలో ఇమిడేవి కావు. ఈ జీవులంటే నాకు ప్రాణం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చట్టం సంగతి ముందు తేల్చుకోవాలి

మన గుట్టల్లో, చెరువు కట్టల మీద, పత్తి చేన్ల గట్ల వెంట కనిపించేది బెంగాల్ మానిటర్. శాస్త్రీయ నామం వరానస్ బెంగాలెన్సిస్. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది షెడ్యూల్ 1 జీవి. పులి ఉన్నది కూడా అదే షెడ్యూల్‌లో. పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం, చంపి తినడం అన్నీ నేరాలే. 2022 సవరణ తర్వాత షెడ్యూల్ 1 జీవుల విషయంలో శిక్ష 3 ఏళ్లకు తగ్గకుండా 7 ఏళ్ల దాకా జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. నడుము నొప్పికి ఉడుము నూనె అనో, ఇంట్లో పెడితే డబ్బు కలిసొస్తుందని "హత్తా జోడి" అనో అమ్మేవాళ్ల దగ్గర కొన్నా ఇదే చట్టం వర్తిస్తుంది. ఆ హత్తా జోడి అనేది చెట్టు వేరు కాదు, మగ ఉడుమును చంపి కోసి ఎండబెట్టిన జననాంగం.

"పిల్ల ఒంటరిగా దొరికింది, తల్లి లేదు, పాపమని తెచ్చినం" అనేవాళ్లు చాలామంది. ఆ జాలి మంచిదే కానీ ఇక్కడ పనికిరాదు. ఉడుముకు తల్లి పెంపకం ఉండదు. బొరియలోనో, చెదపుట్టలోనో గుడ్లు పెట్టి, మట్టి కప్పి తల్లి వెళ్లిపోతుంది. నెలల తర్వాత బయటికొచ్చిన పిల్లలు మొదటి రోజు నుంచే పురుగుల్ని సొంతంగా వేటాడతాయి, ఎక్కువ కాలం చెట్ల మీదే గడుపుతాయి. ఒంటరిగా కనిపించిన పిల్ల బాగానే ఉన్నట్టు లెక్క. గాయపడిందైతే దగ్గర్లోని అటవీ శాఖ కార్యాలయానికి ఫోన్ చేయండి. బావిలో పడినా, ఇంట్లో దూరినా అంతే.

మన దేశంలో అడవుల్లో ఉండే ఉడుములు నాలుగు రకాలు: బెంగాల్, ఎల్లో, డెజర్ట్, వాటర్ మానిటర్. నాలుగూ షెడ్యూల్ 1 జీవులే. అంటే వీడియోల్లో అందరినీ ఆకట్టుకునే ఆ వాటర్ మానిటర్ మన ఒడిశా మడ అడవుల్లో, అండమాన్‌లో తిరిగే జీవే. "ఇది థాయిలాండ్ నుంచి వచ్చింది, ఎక్సాటిక్, ఏం కాదు" అని ఎవరైనా అంటే ఆ మాట నమ్మి ఒక్క రూపాయి పెట్టొద్దు.

మిగతా విదేశీ ఉడుముల మీద కూడా నియంత్రణ ఉంది. ప్రపంచంలోని ఉడుము జాతులన్నీ అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటీస్ జాబితాల్లో ఉన్నాయి. ఆ జాబితాల్లోని విదేశీ జీవుల్ని 2022 సవరణ మన చట్టంలోని షెడ్యూల్ 4లోకి తెచ్చింది. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2024 ఫిబ్రవరి చివర్లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి జీవి చేతికొచ్చిన 30 రోజుల్లోగా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్ ద్వారా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు దరఖాస్తు చేసుకోవాలి. అది పిల్లలు పెట్టినా, చనిపోయినా, వేరేవాళ్ల చేతికి మారినా మళ్లీ తెలపాలి. ఉడుములు కాని పెద్ద బల్లులు ఇగువానా, టెగూ కూడా సైటీస్ జాబితాలో ఉన్నవే. కాబట్టి ఏది కొనాలనుకున్నా ముందు దాని శాస్త్రీయ నామం కనుక్కుని, ఆ పేరు షెడ్యూళ్లలో ఉందో లేదో కొనేరోజే చూసుకోండి. పేరు చెప్పడానికి తటపటాయించే అమ్మకందారు దగ్గర అక్కడితోనే బేరం ఆపేయండి.

స్వభావం: అందరూ పొరబడేది ఇక్కడే

ఉడుము నెమ్మదిగా కనిపించడానికి మూడు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ఒళ్లు చల్లబడి ఉండటం. రెండు, జబ్బో నీరసమో. మూడోది నిజమైన నమ్మకం. అమ్మే చోట కనిపించే "మచ్చిక" ఎక్కువగా మొదటి రెండు రకాలదే.

ఉడుము చురుగ్గా తిరగాలంటే దాని ఒంటి వేడి 35 నుంచి 38 డిగ్రీల దాకా చేరాలి. చల్లని గదిలో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన పిల్లకు పారిపోయే సత్తువ ఉండదు. చేతిలో పెడితే కదలదు, కళ్లు మూసుకుంటుంది. చూసేవాళ్లకు ముద్దొస్తుంది. పట్టుకున్నప్పుడు కళ్లు మూసుకోవడం, నాలుక బయటికి తీయకపోవడం రెండూ భయపడ్డ జీవి లక్షణాలే. ఇంటికి తెచ్చి, మంచి వేడి దీపం కింద వారం రోజులు ఉంచి, కడుపు నిండా పెట్టాక దాని అసలు స్వభావం బయటపడుతుంది. "కొన్నప్పుడు మంచిగుండె, ఇంటికొచ్చినంక పాడైంది" అని చాలామంది బాధపడేది అప్పుడే. నిజానికి ఒళ్లు కోలుకున్నాకే అది తనలా ఉంటుంది.

భయపడ్డ ఉడుము ఒక వరసలో హెచ్చరిస్తుంది. ముందు బిగుసుకుని ఆగిపోతుంది. తర్వాత గొంతు ఉబ్బించి, ఒంటిని వెడల్పు చేసి బుసకొడుతుంది. ఇంకా దగ్గరికెళ్తే తోకతో చరుస్తుంది. ఒడిసిపట్టుకుంటే గోళ్లతో గీరి, మీద రెట్ట వేస్తుంది. కొరకడం చివరిది. మొదటి హెచ్చరిక దగ్గరే చేయి వెనక్కి తీసుకునే మనిషిని అది కొన్ని నెలల్లో గుర్తుపడుతుంది. అన్ని హెచ్చరికలనూ దాటి "భయం పోగొట్టాలి" అని బలవంతంగా ఎత్తుకుంటే, హెచ్చరికలు పనిచేయవని నేర్చుకుని నేరుగా నోటికే పనిచెబుతుంది.

ఇవి మామూలు బల్లులు కావు, తెలివైనవి. వాషింగ్టన్ నేషనల్ జూలో 1992లో పుట్టిన క్రాకెన్ అనే కొమోడో డ్రాగన్ (ఇదీ ఉడుముల్లో ఒక జాతే) సంరక్షకుల జేబుల్లోంచి వస్తువులు మెల్లగా లాగుతూ, బూట్లతో, రింగులతో ఆడుతూ ఉండేది. ఆ ఆటను శాస్త్రవేత్తలు పరిశీలించి రాశారు. అదే జాతికి చెందిన ఇంకో జంతువు 2001లో లాస్ ఏంజిలిస్ జూలో, ఆవరణలోకి ప్రత్యేకంగా అనుమతించిన సందర్శకుడి పాదాన్ని పట్టుకుని తీవ్రంగా గాయపరిచింది. దానికి తెల్ల ఎలుకలు మేతగా పెట్టేవాళ్లు. అందుకని తెల్ల బూట్లు విప్పించారు, అది ఉత్త పాదాన్ని పట్టుకుంది. రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించండి. జాతి ఒకటే. జంతువు, మనిషి, ఆ క్షణాన దానికి తగిలిన వాసన, చూపు వేరు.

ఇళ్లలో అయ్యే కాట్లలో కోపంతో కొరికేవాటికంటే ఆకలితో పొరబడి కొరికేవే ఎక్కువ నొప్పి పెడతాయి. భయంతో కొరికితే వదిలేస్తుంది. తిండి అనుకుని కొరికితే పట్టు వదలదు, పైగా తల విదిలిస్తుంది. పళ్లు వెనక్కి వంగి ఉంటాయి కాబట్టి చేయి లాగితే గాయం చీరుకుపోతుంది. అందుకే మేత ఎప్పుడూ పొడవాటి పట్టకారుతోనే పెట్టాలి. కోడిమాంసమో, ఎలుకనో ముట్టుకున్న చేతిని సబ్బుతో కడగకుండా గూట్లో పెట్టకూడదు. అనుభవం ఉన్న పెంపకందారులు ఒక పద్ధతి పాటిస్తారు: కర్ర చివర రంగు బంతి కట్టి, అది కనిపించినప్పుడే తిండి వస్తుందని నేర్పుతారు. బంతి లేకుండా చేయి వస్తే తిండి కాదని ఉడుము త్వరగానే తెలుసుకుంటుంది.

విషం గురించి ఒక మాట. పల్లెల్లో ఉడుము కాటుకు మనిషి పోతాడని భయపడతారు. ఉడుముల దవడల్లో విషపూరిత స్రావాలు తయారుచేసే గ్రంథులున్నాయని 2000 దశకంలో ఆస్ట్రేలియా పరిశోధకులు చెప్పారు. వేటలో వాటి పాత్ర ఎంత అనేదాని మీద శాస్త్రవేత్తల్లో వాదన నడుస్తూనే ఉంది. పాము కాటుతో పోల్చాల్సిన ప్రమాదం మాత్రం కాదు. రక్తం బాగా కారుతుంది, వాపు వస్తుంది, గాయం చీము పట్టొచ్చు. సబ్బునీళ్లతో బాగా కడిగి డాక్టర్‌కు చూపించి, టీటీ సంగతి అడగాలి. అసలు జాగ్రత్త సాల్మొనెల్లా విషయంలో కావాలి. ఆరోగ్యంగా కనిపించే సరీసృపం రెట్టలోనూ ఈ బ్యాక్టీరియా ఉంటుంది. ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, పెద్ద వయసువాళ్లు ఉన్న ఇంట్లో ఏ జాతినీ నేను సలహా ఇవ్వను. గూటి గిన్నెల్ని వంటింటి సింకులో కడగకూడదు.

మచ్చిక చేయడం అంటే పట్టుకోవడం అలవాటు చేయడం అనుకుంటారు. ఉడుముల విషయంలో పని అటునుంచి మొదలవ్వాలి, అది మీ దగ్గరికి రావాలి. పై నుంచి దిగే చెయ్యి దానికి గద్ద నీడతో సమానం. కింది నుంచి, పక్కనుంచి, మెల్లగా చేయి పెట్టి కదలకుండా ఉండండి. మీరు వేసుకున్న పాత బనియను ఒకటి అది దాక్కునే చోట ఉంచితే మీ వాసన అలవాటవుతుంది. మొదటి నెలల్లో గూటి ముందు కూర్చుని మీ పని మీరు చేసుకోవడమే మంచి శిక్షణ. ఇంత చేశాక కూడా ఈడుకు వచ్చినప్పుడు ప్రవర్తన మారొచ్చు. గుడ్లతో ఉన్న ఆడది చిరాకుగా, కొరికే గుణంతో ఉంటుంది. గుడ్లు పెట్టడానికి లోతైన తడి మట్టి లేకపోతే గుడ్లు లోపలే ఆగి చచ్చిపోతుంది కూడా.

ఇప్పుడు ఒక్కో జాతి

సవానా మానిటర్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే "మొదటి ఉడుముగా ఇదే మంచిది" అని ప్రపంచమంతా దీన్నే అమ్ముతుంది. ఇది ఆఫ్రికా గడ్డి మైదానాల జీవి. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి పిల్లల్ని పెద్ద సంఖ్యలో ఎగుమతి చేస్తారు. పెద్దయితే మూడు నుంచి నాలుగు అడుగులు ఉంటుంది. స్వభావం నిజంగానే నెమ్మది, బుసకొట్టినా కొరకడం తక్కువ. అయితే ఆ నెమ్మదిలో ఎంత స్వభావమో, ఎంత కొవ్వో చెప్పడం కష్టం. అడవిలో ఇది ముఖ్యంగా పురుగులు, జెర్రులు, నత్తలు తింటుంది, రోజంతా నేల తవ్వుతుంది. బంధంలో పెట్టి ఎలుకలు మేపితే కాలేయం కొవ్వెక్కి, కొన్నేళ్లకే పోతుంది. సరిగ్గా చూస్తే పదేళ్లు దాటి బతకాల్సిన జీవి ఇది.

సరిగ్గా చూడటమంటే ఏమిటో లెక్కేద్దాం. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గూడు, అందులో తవ్వుకోవడానికి 2 అడుగుల లోతు తడి మట్టి. అంటే 64 ఘనపు అడుగులు. ఘనపు అడుగుకు సుమారు 40 కిలోలు అనుకున్నా 25 క్వింటాళ్లు దాటుతుంది. కిందింట్లో, నేల మీద కట్టిన షెడ్డులో అయితే సరే. నయీంనగర్‌లో రెండో అంతస్తు అద్దె ఇంట్లో స్లాబు మీద ఇంత బరువు పెట్టడం కుదరదు. మట్టి తగ్గిస్తే మూతిని గాజుకు రాసుకుంటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, మూతి పుండవుతుంది, చిరాకు పెరుగుతుంది. జనం దాన్నే "పొగరు" అంటారు.

బ్లాక్ థ్రోట్ మానిటర్ తూర్పు ఆఫ్రికాది. పెద్ద ఉడుముల్లో మనిషికి బాగా అలవాటయ్యేది ఇదే అని పెంచినవాళ్లు చెబుతారు, ఆ పేరు దానికి తగినదే. కానీ ఐదారు అడుగులు పెరుగుతుంది. దానికి గూడు చాలదు, గది కావాలి. గది ఇవ్వగలిగినవాళ్లు కూడా పదిహేనేళ్లు ఆ గదిని దానికే వదిలేయగలమా అని ఇంట్లో అందరినీ అడగాలి. పెళ్లై, ఉద్యోగమని హైదరాబాద్ వెళ్లిపోతే దాన్ని ఎవరు చూస్తారు?

నైల్ మానిటర్ అసలు వద్దు. చిన్నప్పుడు పసుపు చుక్కలతో చాలా అందంగా ఉంటుంది, పెద్దయ్యాక మనిషిని దగ్గరికి రానివ్వదు. అమెరికాలోని ఫ్లోరిడాలో కేప్ కోరల్ ఊరి చుట్టూ 1990ల నుంచి ఇవి స్థిరపడ్డాయి. పెంపుడు జంతువుల వ్యాపారం ద్వారా వచ్చి బయటపడ్డవే అక్కడ పెరిగాయి.

వాటర్ మానిటర్ తెలివిలో, నమ్మకంలో అన్నిటికంటే ముందుంటుందని నేనూ ఒప్పుకుంటాను. ఆ వీడియోలు అబద్ధం కాదు. వాటి వెనక ఏళ్ల తరబడి చేసిన పని, ఈదడానికి కొలను, వేడి గది ఉంటాయి. అయినా మనకు చట్టం దగ్గరే దారి మూసుకుపోయింది, కాబట్టి ఇంతకంటే చర్చ అవసరం లేదు.

ఇక ఆకీ మానిటర్. ఆస్ట్రేలియా రాతినేలల జీవి, తోకతో కలిపి రెండు అడుగులు, కొంచెం ఎక్కువ. అందులో సగానికి పైగా తోకే. తోక నిండా ముళ్ల వరసలు ఉంటాయి. భయపడితే రాతి నెర్రెలోకి దూరి ఆ తోకను అడ్డం పెట్టుకుంటుంది. ఆస్ట్రేలియా తన వన్యప్రాణుల వాణిజ్య ఎగుమతిని ఎప్పుడో ఆపేసింది కాబట్టి మార్కెట్లో న్యాయంగా దొరికేవి బంధంలో పుట్టిపెరిగినవే. స్వభావం మొదట్లో పిరికి. చేయి కనబడితే మాయమవుతుంది. ఆరు నెలలో, ఏడాదో ఓపిక పడితే తిండి కోసం చేతి మీదికి ఎక్కుతుంది. ఎత్తుకుని తిరగనివ్వదు, అది ఆశించొద్దు. కానీ గూట్లో దాన్ని చూస్తూ కూర్చుంటే రోజంతా ఏదో ఒక పని చేస్తూనే ఉంటుంది: తవ్వడం, వెతకడం, ఎండ కాగడం, మిమ్మల్ని గమనించడం. పెద్ద ఉడుములో నచ్చేదంతా ఇందులో చిన్న ఒంట్లో ఉంది. కాటు వేసినా గీత పడుతుంది తప్ప కుట్లు పడే పరిస్థితి అరుదు.

దీనికి కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 నుంచి 3 అడుగుల ఎత్తు గూడు కావాలి, అడుగున ఒక అడుగు మట్టి. ఆ మట్టే మూడు క్వింటాళ్లకు పైన ఉంటుంది, కాబట్టి టేబుల్ మీద పెట్టే వస్తువు కాదు ఇదీ. ఎండ కాగే రాయి పైభాగం 55 నుంచి 65 డిగ్రీలు ఉండాలి, గూటికి రెండో వైపు 25 నుంచి 28 దగ్గర ఉండాలి.

ఉడుముల పక్కన ఉంచి చూడాల్సినవి మరో మూడు ఉన్నాయి. టెగూ దక్షిణ అమెరికాది, మూడు నాలుగు అడుగులు పెరుగుతుంది. మనిషికి అలవాటయ్యే గుణం చాలా ఉడుముల కంటే ఎక్కువ. కానీ స్థలం విషయంలో సవానాతో సమానం. ఇగువానాను మన దగ్గర అరచేతిలో పట్టేంత ఆకుపచ్చ పిల్లగా అమ్ముతారు. అది ఐదారు అడుగులు పెరుగుతుందని, జత కట్టే కాలంలో మగది యజమాని మీదికే రావొచ్చని చెప్పరు. చిన్నదని తీసుకుని పెద్దదయ్యాక వదిలించుకోవాలని చూసేది దీన్నే ఎక్కువ.

బియర్డెడ్ డ్రాగన్ మధ్య ఆస్ట్రేలియా పొడినేలల జీవి, అడుగున్నర నుంచి రెండడుగులు. మనిషి చేతిలో, భుజం మీద ప్రశాంతంగా ఉండే సరీసృపం కావాలంటే ఇదే. పిల్లలప్పుడు పురుగులు, పెద్దయ్యాక ఎక్కువగా ఆకుకూరలు తింటుంది. మునగాకు, గుమ్మడికాయ, మందార పువ్వులు మన పెరట్లోనే ఉంటాయి. పాలకూర రోజూ పెట్టొద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియంను ఒంటికి పట్టనివ్వవు. ఎనిమిది, పదేళ్ల బాధ్యత. ఉడుము చురుకుదనం దీనిలో ఉండదు, అది నిజం.

మన ఎండలు, మన కరెంటు

"మన దగ్గర ఎండలకు దీపం ఎందుకు?" అని అడుగుతారు. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్‌లో 43, 44 డిగ్రీలు మామూలే. ఇబ్బంది కూడా అదే. ఈ జీవులకు కావాల్సింది ఒక చోట మంచి వేడి, ఇంకో చోట చల్లదనం, రెండింటి మధ్య తిరిగే స్వేచ్ఛ. రేకుల గదిలో గాలే 40 దాటితే గూట్లో చల్లని మూల అనేదే ఉండదు. ఒంటి వేడి మరీ పెరిగిపోతే ఎడారి జీవి కూడా చచ్చిపోతుంది. అడవిలో అయితే బొరియలోకి వెళ్తుంది, అందుకే లోతైన మట్టి గురించి ఇంత చెబుతున్నాను. ఎండాకాలం కూలర్ ఉన్న గది, పట్టపగలు దీపం ఆపేసే టైమర్ తప్పనిసరి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలికాలం రాత్రి ఉష్ణోగ్రత 10 కంటే కిందికి పడిపోతుంది. అక్కడివాళ్లకు రాత్రి వేడి కూడా ఇవ్వాల్సి వస్తుంది.

కిటికీలోంచి వచ్చే ఎండ సరిపోతుందనుకోవద్దు. ఎముకలకు కావాల్సిన యూవీబీ కిరణాలను కిటికీ గాజు ఆపేస్తుంది. యూవీబీ ట్యూబ్ విడిగా పెట్టాలి. వెలుగు బాగానే ఉన్నా కొన్ని నెలలకు కిరణాల బలం తగ్గుతుంది కాబట్టి కంపెనీ చెప్పిన గడువుకు మార్చాలి.

75 వాట్ల హాలోజన్ బల్బులు రెండు రోజుకు 12 గంటలు వెలిగితే 1.8 యూనిట్లు, నెలకు 54. యూవీబీ ట్యూబ్ కలిపితే 60 దాటుతుంది. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్న ఇంట్లో ఈ అరవై చేరితే ఆ గీత దాటే అవకాశం ఉంది. దాటితే బిల్లు మొత్తం కట్టాలి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ లెక్క ముందే చెప్పండి. మొదటి బిల్లు రోజు గొడవై దీపాలు ఆపేస్తే తిన్నది అరగక బాధపడేది ఆ మూగజీవమే.

మేత దగ్గర మన ప్రాంతానికి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉంది. ఇది పత్తి, మిరప పండే నేల, పురుగుమందుల పిచికారీ ఎక్కువ. చేన్లలో పట్టిన మిడతలు, పురుగులు పెట్టొద్దు. ఇంట్లోనే కీచురాళ్లను, సూపర్‌వార్మ్‌లను పెంచుకోవాలి, వాటి మీద కాల్షియం పొడి చల్లి పెట్టాలి. ఆ శబ్దం, ఆ వాసన భరించగలరో లేదో జీవిని కొనకముందే ఒక నెల కీచురాళ్లను పెంచి చూడండి. చికెన్ ముక్కలు మాత్రమే పెట్టి పెంచితే కాల్షియం లేక ఎముకలు మెత్తబడతాయి, దవడ వంగిపోతుంది.

డాక్టర్ సంగతీ ముందే తేల్చుకోండి. మన పశువైద్యులకు గొర్రెలు, బర్రెలు, కోళ్లు, కుక్కల అనుభవం ఎక్కువ. సరీసృపాలను చూసేవాళ్లు తక్కువ. మామునూరు వెటర్నరీ కాలేజీలో అడగండి, హైదరాబాద్‌లో ఎవరు చూస్తారో కనుక్కోండి. ఆ నంబర్ చేతిలో లేకుండా జీవిని తీసుకురావద్దు.

ఎవరికి ఏది

కాలేజీలో చదువుతూ హాస్టల్‌లోనో, అద్దె గదిలోనో ఉన్నవాళ్లు ఏదీ తీసుకోవద్దు. సొంత ఇల్లు, సంపాదన ఉండి, చేతిలోకి తీసుకోగలిగే జీవి కావాలనుకునేవాళ్లకు బియర్డెడ్ డ్రాగన్. రెండు మూడేళ్లు దాన్ని ఆరోగ్యంగా చూసుకుని, ఉడుము ప్రవర్తనను దగ్గరగా చూడాలనే కోరిక ఇంకా ఉన్నవాళ్లకు ఆకీ. కొనే ముందు అది వేడి దీపం కింద ఉండగా చూడాలి, మీ కళ్ల ముందు తినాలి, నాలుక చురుగ్గా ఆడించాలి, తోక మొదలు ఎండిపోయి ఉండకూడదు. కొంచెం బెదిరి పారిపోయే పిల్ల, చేతిలో కదలకుండా పడి ఉన్న పిల్ల కంటే మేలు. బంధంలో పుట్టిందన్న ఆధారం, అమ్మినట్టు రాసిచ్చిన కాగితం, పోర్టల్ నమోదు వివరాలు లేకపోతే ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు.

నిజంగా మీకు నచ్చింది మన ఉడుమే అయితే, దానికి గూడు అక్కర్లేదు. వానలు పడ్డాక ఉదయం ఎండెక్కే వేళ పాకాల చుట్టుపక్కలో, ఏటూరునాగారం దారిలోనో, మీ ఊరి చెరువు కట్ట మీదో బండల మీద ఎండ కాగుతూ కనిపిస్తుంది. బైనాక్యులర్ తీసుకుని దూరంగా, గాలి మీ వైపు వీచేలా కూర్చోండి. నాలుక ఆడిస్తూ గట్టు వెంట ఆకులు తిరగేసి పేడపురుగుల్ని, వాటి పిల్లపురుగుల్ని ఏరుకు తినడం, చిన్న అలికిడికి తలెత్తి చూడటం చూస్తారు. బంధంలో ఉన్న ఏ ఉడుమూ ఇంత సహజంగా ప్రవర్తించదు. చేను ఉన్నవాళ్లు గట్టు మీది పుట్టను తవ్వకుండా, ఎండుగడ్డి తగలబెట్టకుండా ఉంటే అది అక్కడే ఉంటుంది, ఎలుకల్ని కూడా తగ్గిస్తుంది.

ఇప్పటికే ఇంట్లో ఒక జీవి ఉండి, పెంచలేని పరిస్థితి వస్తే భద్రకాళి చెరువు దగ్గరో, గుట్టల్లోనో వదిలేయొద్దు. విదేశీ జీవి అయితే ఎండకో ఆకలికో చస్తుంది, లేదా బతికి ఇక్కడి జీవులకు ముప్పవుతుంది. షెడ్యూల్ 4 జీవిని అనుభవం ఉన్న మరొకరికి ఇవ్వండి, చేతులు మారినట్టు పోర్టల్‌లో నమోదు చేయించండి. మన ఉడుమే ఇంట్లో ఉంటే ఆలస్యం చేయకుండా మీ జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి వెళ్లి విషయం చెప్పి అప్పగించండి. దాన్ని తిరిగి వదలడమా, చికిత్స చేయించడమా అనేది వాళ్లు చూసి నిర్ణయిస్తారు.